ఫైల్లో పూడ్చిన టన్నెల్

బుధవారం ఉదయం ఆరూ నలభైకి చిట్టిబాబు అనే డెబ్భై నాలుగేళ్ళ రిటైర్డ్ డ్రాఫ్ట్స్‌మన్ రెండు పాల ప్యాకెట్లు పట్టుకుని భిలాయ్ నెహ్రూ నగర్‌లో రోడ్డు దాటుతున్నాడు. నంబర్ ప్లేట్ లేని తెల్ల జీపు ఒకటి ఆయన్ని గుద్దింది. యాక్సిడెంట్ అయితే అక్కడితో ఆగాలి. ఆ జీపు రివర్స్‌లో వచ్చి మరోసారి ఎక్కింది.

పోలీసులు ఆయన ఇంటికి వెళ్ళేసరికి వెనక తలుపు తెరిచి ఉంది. ఇల్లంతా సర్దినట్టే ఉంది. పాత డ్రాయింగులు దాచుకునే రేకు గొట్టం ఒక్కటే మూత ఊడి మంచం మీద పడి ఉంది. లోపల కాగితం లేదు. బయట లేబుల్ మాత్రం మిగిలింది: 'కుసుమ్‌ఘాటీ, టన్నెల్ నం. 2, 1961.'

పదకొండు గంటలకల్లా ఆ లేబుల్ రాయ్‌పూర్‌లో, మూతపడిన ఓ టైలరింగ్ షాపు మేడ మీద, హైమవతి టేబుల్ మీద ఉంది. దేశానికి తెలియని ఓ డిపార్ట్‌మెంట్‌కి ఆవిడ రీజనల్ చీఫ్. ఎదురుగా కూర్చున్న లక్ష్మీప్రసాద్ ఆ డిపార్ట్‌మెంట్‌లో పందొమ్మిదేళ్ళుగా ఏజెంట్.

"నువ్వు భిలాయ్‌లోనే పుట్టావు కదా, ప్రసాద్?"

"సెక్టార్ ఫైవ్, మేడమ్."

"ఈ టన్నెల్ గురించి ఏం తెలుసు?"

"చిన్నప్పుడు విన్నాను. గనుల లైన్ మీద ఎక్కడో అడవిలో ఉండేదట. దెయ్యాలున్నాయనేవాళ్ళు."

"ఫైలు ప్రకారం దెయ్యాలకి కూడా చోటు లేదు." హైమవతి ఓ పల్చటి ఫైలు ముందుకు తోసింది. "1908లో కలప కంపెనీ ఒకటి మద్ది దుంగలు మోసుకోవడానికి న్యారో గేజ్ లైన్ వేసి, ఆ కొండ తొలిచింది. యాభై ఎనిమిదిలో ఉక్కు ప్లాంటుకి ఖనిజం తేవడానికి దాన్నే వెడల్పు చెయ్యడం మొదలుపెట్టారు. అరవై ఒకటి వానల్లో పైకప్పు కూలింది. వదిలేశారు. కొత్త లైను కొండ భుజం మీదుగా వేశారు. ఒకచోట అది సరిగ్గా పాత టన్నెల్ నెత్తి మీదుగా పోతుంది. అందుకని అరవై మూడులో టన్నెల్ మొత్తం రాయీ ఇసకా పోసి పూడ్చారు. ప్రాణనష్టం: లేదు. సంతకం, స్టాంపు, అన్నీ ఉన్నాయి."

"పూడ్చేసిన టన్నెల్ మ్యాపు కోసం మనిషిని చంపుతారా?"

"అదే నా ప్రశ్న. మొన్న రాత్రి ఒక మెసేజ్ పట్టుకున్నాం. సరిహద్దు అవతలి గూఢచారుల రింగు, కోడ్ నేమ్ లాంతరు. డీకోడ్ చేస్తే మూడే వాక్యాలు. 'గురువారం. లాంతరు సిద్ధం. పాత ఇల్లు దానంతట అదే కూలుతుంది.'"

గురువారం అంటే రేపు. రేపు ఉదయం పదకొండూ నలభైకి ఆ లైన్ మీద ఇన్‌స్పెక్షన్ స్పెషల్ ఒకటి వెళ్తోంది. అందులో జలాంతర్గాములకి కొత్త ఉక్కు తయారుచేసిన పదకొండు మంది శాస్త్రవేత్తలు గని చూడటానికి ఒకే బోగీలో ప్రయాణిస్తున్నారు.

"ట్రైన్ ఆపించండి."

"రైల్వే వాళ్ళని అడిగాను. పూడ్చేసిన టన్నెల్ ఎలా కూలుతుందమ్మా అని నవ్వారు. అది ఖాళీగా ఉందని ఒక్క ఫోటో కావాలి. నీ కవర్: రైల్వే చరిత్రకారుడు. ఆ టన్నెల్ చరిత్ర రాస్తున్నావు. భాగ్యరేఖ అని డాక్యుమెంటరీ డైరెక్టర్ ఒకావిడ నీతో ఉంటుంది. మూడేళ్ళుగా లాంతరు రింగులో ఉన్న మన మనిషి."

హైమవతి ఫైలు మూసింది.

"లేదా, మూడేళ్ళుగా మనలో ఉన్న వాళ్ళ మనిషి. డిపార్ట్‌మెంట్‌లో రెండు అభిప్రాయాలున్నాయి."

"మీ అభిప్రాయం?"

"ఆవిడకి వీపు చూపించకు."

చిట్టిబాబు చివరి ఫోన్ కాల్ క్యాంప్ 1 అనే పాత కూలీల బస్తీలోని సింహాచలమ్మకి వెళ్ళింది. మధ్యాహ్నం మూడింటికి లక్ష్మీప్రసాద్ అక్కడికి చేరాడు. రెండు స్కూటర్లు ఎదురైతే ఒకటి వెనక్కి తగ్గాల్సినంత సందు. సందు చివర పెంకుటింటి అరుగు మీద, ఎనభైకి ఒకటి రెండేళ్ళు తక్కువ వయసున్న ముసలావిడ చేటలో బియ్యం ఏరుకుంటోంది.

"ఏటి బాబూ, నువ్వు కూడా రాసుకోడానికే వచ్చినావా?" అంది ఆవిడ తలెత్తకుండానే. "చిట్టిబాబూ అలగే అన్నాడు. అప్పా, సర్వీసులో ఉన్నన్నాళ్ళూ నోరు మూసుకున్నాను, ఇప్పుడు నిజం రాసెత్తాను అన్నాడు. నిన్న సందేళ ఫోను సేసినాడు. ఈవేళ పొద్దున్న ఎల్లిపోనాడు."

"ఏ నిజం?"

"ఆ టన్నెలు పూడ్సలేదనీసి."

లక్ష్మీప్రసాద్ అరుగు మీద కూర్చున్నాడు. చొక్కా రెండో గుండీలో ఉన్న కెమెరా ఆన్ చేశాడు.

"రెండు మూతులూ మూసినారు. అటు పది గజాలు, ఇటు పది గజాలు మన్ను పోసీసి గోడ కట్టినారు. మజ్జిలో అంతా కాళీయే."

"మీకెలా తెలుసు?"

"తట్టలు మోసింది నేనే కద బాబూ." ఆవిడ ఓ రాయి ఏరి సందులోకి విసిరింది. "లోపల ఆరుగురు ఉండిపోనారు. అందరూ మా చీపురుపల్లి పక్కోళ్ళే. అందులో మా ఆయన ఒకడు. బలరాం. మాకు పెళ్ళయి నాలుగు నెల్లు. నాకు పదారేళ్ళు. హాజరు బుక్కులో ఆ ఆరు పేర్లూ కొట్టీసినారు. పని ఎగ్గొట్టి పారిపోనారని రాసినారు."

లక్ష్మీప్రసాద్‌కి అడగడానికి ఓ ప్రశ్న తట్టింది. ఆవిడే అందుకుంది.

"మొగుడు లోపలున్నాడని తెలిసీ ఎలగ మోసినావే అని అడగవేటి? అందరూ అదే అడుగుతారు. కూలిపని బాబూ. మేస్త్రీ తెమ్మన్నాడు, తెచ్చినాను. తేకపోతే ఇంకోలు తెత్తారు."

టన్నెల్‌కి నడిమధ్యన గాలి కోసం కొండ మీంచి తవ్విన నిలువు గొయ్యి ఒకటి ఉండేదట. అందులోంచే ఆవిడ రోజూ తాడుతో గంజి చెంబు దించేది. కప్పు కూలిన రోజున అదీ మూసుకుపోయింది.

"ఆ చోటు చెప్పగలరా?"

"సెప్తే నీకేటి తెలుస్తాది? సెట్లు మారిపోనాయి, దారులు మారిపోనాయి. నన్ను తోలుకెళ్ళు, సూపిస్తాను."

సందు దాటగానే లక్ష్మీప్రసాద్ ఆ రికార్డింగ్ హైమవతికి పంపాడు. ఇరవై నిమిషాల తర్వాత ఫోన్ మోగింది.

"వినిపించాను, ప్రసాద్. 'చదువురాని ముసలావిడ మాట మీద రైలు ఆపమంటారా' అన్నారు. ఫోటో కావాలట."

"మేడమ్, నిన్న ఇదే మాట చెబుతానన్నవాడు ఈరోజు చచ్చిపోయాడు!"

"అది యాక్సిడెంట్ అని ఎఫ్ఐఆర్‌లో ఉంది."

సాయంత్రం సివిక్ సెంటర్‌లో, కాఫీ షాపు ముందు ఓ స్త్రీ నల్ల కళ్ళద్దాలు నెత్తి మీదకి నెట్టుకుని అతని బల్ల దగ్గరకి వచ్చింది. ఆకుపచ్చ చేనేత చీర, భుజాన ఖరీదైన కెమెరా. పక్క బల్లల దగ్గర మాటలు ఆగిపోయాయి.

"ఇక్కడి ఇనుము తుప్పు పడుతుందా?" అంది.

"వాన పడితేనే," అన్నాడతను. కోడ్ కుదిరింది.

"భాగ్యరేఖ," అంటూ కూర్చుంది. "రేపు ఏడింటికి బయల్దేరదాం. జీపు నేను తెస్తాను. అక్కడ సిగ్నల్ ఉండదు. శాటిలైట్ ఫోన్ ఉందా?"

"ఉంది."

"మంచిది," అని ఆవిడ నవ్వింది. ఆ నవ్వు నిజమో కాదో తేల్చుకోవడానికి లక్ష్మీప్రసాద్‌కి ఆ సాయంత్రం చాల్లేదు.

గురువారం తొమ్మిదిన్నరకి జీపు కుసుమ్‌ఘాటీ కొండ దిగువన ఆగింది. సింహాచలమ్మ చెప్పులు చేత్తో పట్టుకుని ముందు నడిచింది. రెండుసార్లు దారి తప్పింది. మూడోసారి ఓ ముళ్ళపొద ముందు నిలబడిపోయి, "ఇదే. గాని ఈ కంప ఎవలో కొత్తగా ఏసినారు," అంది.

కంప లాగేసరికి కింద గొయ్యి కనిపించింది. రాళ్ళన్నీ ఈమధ్యనే తోడేశారు. అంచుకి కొత్త నైలాన్ నిచ్చెన కట్టి ఉంది. దాని పక్కనే ఓ నల్ల తీగ పైకొచ్చి, గడ్డిలోంచి రైలు పట్టాల వైపు పాకిపోయింది.

"మీరు ఇక్కడే కూర్చోండమ్మా," అన్నాడు లక్ష్మీప్రసాద్.

"కూకోక ఎక్కడికెల్తాను?"

అతను ముందు దిగాడు. వెనకే భాగ్యరేఖ. టార్చి వెలుగులో ఆ సొరంగం బతుకంతా గోడల మీదే కనిపించింది. ఓ పక్క కలప కంపెనీ కట్టించిన ఎర్ర ఇటుక కమాను. దాని మీద దొరల కాలం నాటి దీపాల మసి. ఇంకాస్త ముందుకెళ్తే ఇటుకలు పోయి, ఉలి దెబ్బల రాయి మొదలైంది. అక్కడి నుంచి క్యాంప్ 1 వాళ్ళ చేతిపని. మధ్యలో ఎక్కడా పిడికెడు ఇసక లేదు.

కప్పు పల్చబడిన చోట నాలుగు మూలలా బూడిదరంగు ప్యాకెట్లు అంటించి ఉన్నాయి. తీగలన్నీ కలిసి గొయ్యి వైపు వెళ్తున్నాయి. పైన పట్టా కింద ప్రెషర్ స్విచ్ ఉంటుంది. ఇంజన్ మొదటి చక్రం దాని మీద ఎక్కగానే సర్క్యూట్ కలుస్తుంది. పాత ఇల్లు దానంతట అదే కూలుతుంది.

గుండీలోని కెమెరా నాలుగు ఫోటోలు తీసింది. పదీ పది అయింది. పైకెళ్ళి శాటిలైట్ ఫోన్‌లో పంపిస్తే ఐదు నిమిషాల పని. లక్ష్మీప్రసాద్ వెనక్కి తిరిగాడు.

భాగ్యరేఖ చేతిలో పిస్టల్ ఉంది. గోడ పక్కనుంచి హెల్మెట్ పెట్టుకున్న ఓ విదేశీయుడు బయటికొచ్చాడు. వీసా ప్రకారం అతని పేరు డెల్మార్, గనుల వెంటిలేషన్ కన్సల్టెంట్.

"బూట్లు విప్పండి, ప్రసాద్ గారూ," అంది భాగ్యరేఖ. "ఎడమ మడమలో బ్లేడు ఉంది కదా. గుండీ తెంపి, శాటిలైట్ ఫోన్ కూడా ఇవ్వండి."

"కాల్చేస్తారా?"

డెల్మార్ మర్యాదగా తలూపాడు. "బుల్లెట్ దొరికితే ఇది యాక్సిడెంట్ కాదు. రేపు శిథిలాల్లో ఓ చరిత్రకారుడి శవం దొరుకుతుంది. అనుమతి లేకుండా లోపలికి దూరి, పాత గోడల్ని కదిపాడు. పైన రైలు వచ్చింది. మీ ప్రభుత్వమే మీ మీద కేసు రాసి ఫైలు మూసేస్తుంది. మీ కవర్ చాలా ఉపయోగపడింది."

లక్ష్మీప్రసాద్ వంగి బూట్లు విప్పాడు. తన ప్రాణానికి అడ్డుగా ఉండాల్సిన అబద్ధమే ఇప్పుడు తన చావుకి సాక్ష్యం.

అతన్ని ఇంకా లోపలికి నడిపించారు. పాత రాళ్ళగుట్టని కోసి ఈమధ్య వేసిన సందు ఒకటుంది. దాని అవతల చిన్న గదంత ఖాళీ. భాగ్యరేఖ టార్చి ఓసారి అటూ ఇటూ తిరిగి ఆగిపోయింది.

ఆరుగురు గోడకి ఆనుకుని వరసగా కూర్చుని ఉన్నారు. ఎముకలు, చిరిగిన గోచీ గుడ్డలు, ఓ సొట్ట చెంబు. రాళ్ళు మీద పడి చచ్చినవాళ్ళు అలా కూర్చోరు. వాళ్ళ తలల పైన రాతి మీద బొగ్గుతో మూడు నిలువు గీతలు. కింద, తెలుగులో, వంకర అక్షరాలతో ఒక్క ముక్క: 'ఇనండి'.

భాగ్యరేఖ ఆ మాట పైకి చదివింది. ఆవిడ సొంతూరు విజయనగరం. ఆ యాసకి అర్థం ఎవరూ చెప్పక్కర్లేదు. పిస్టల్ మాత్రం దించలేదు.

"టైమ్," అన్నాడు డెల్మార్.

రాళ్ళగుట్టలోంచి పొడుచుకొచ్చిన ఓ పాత పట్టాకి భాగ్యరేఖ లక్ష్మీప్రసాద్ చేతులు వెనక్కి విరిచి కట్టింది. ముడి గట్టిగానే వేసింది. ఇద్దరూ వెళ్ళిపోయారు. నిచ్చెన పైకి లాగేసిన చప్పుడు వినిపించింది.

తర్వాత చీకటి.

లక్ష్మీప్రసాద్ అరిచాడు. అరుపు గోడలకి తగిలి తన ముఖం మీదే పడింది. ముడితో పెనుగులాడాడు. మణికట్టు తెగింది గానీ తాడు కదల్లేదు. పందొమ్మిదేళ్ళ సర్వీసు, మూడు భాషలు, పదకొండు పేర్లు, ఏదీ ఇక్కడ పనికిరాదు. పైన ఓ రైలు వస్తోంది. అందులో పదకొండు మంది టీ తాగుతూ కబుర్లు చెప్పుకుంటూ ఉంటారు. తను నోరూ చెయ్యీ ఆడక, ఇంకో ఆరుగురి పక్కన ఏడోవాడిగా కూర్చున్నాడు.

వెనక వేళ్ళకి ఓ రాయి తగిలింది. ఏమీ తోచక దాంతో పట్టాని కొట్టాడు. ఠంగుమంది. మళ్ళీ కొట్టాడు. ఎవరైనా వింటారని కాదు. ఊరికే కూర్చోవడం చేతకాక కొట్టాడు. ఆ పట్టా చివర ఎంత దూరం పోయి ఎక్కడ తేలిందో అతనికి తెలియదు.

కొడుతూ కొడుతూ లెక్క తప్పాడు. అప్పుడు కొండ సన్నగా వణకడం మొదలైంది. రైలు.

వణుకు పెరిగింది. కప్పులోంచి మట్టి రాలింది. లక్ష్మీప్రసాద్ ఆపకుండా కొట్టాడు. ఇంకా గట్టిగా కొట్టాడు. ఇంజన్ హారన్ ఒకటి ఆగకుండా మోగింది. ఆ తర్వాత ఇనుము మీద ఇనుము రాసుకుంటూ చెవులు చిల్లులు పడే కీచుమోత.

అతను కళ్ళు మూసుకున్నాడు.

కీచుమోత ఆగింది. ఏమీ కూలలేదు. ఎక్కడో పైన తుపాకి ఒక్కసారి పేలింది. మళ్ళీ నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దం ఎంతసేపో, అందులో ఎవరు బతికారో ఎవరు చచ్చారో తెలియకుండా, రాయి చేతిలో పట్టుకుని కూర్చున్నాడు.

చివరికి గొయ్యిలోంచి వెలుగు పడింది. "అందర్ కోయీ హై క్యా?" అంటూ రైల్వే గార్డులు దిగారు.

పైన ఎండ కళ్ళలో గుచ్చుకుంది. స్పెషల్ రైలు పట్టాల మీద నిలబడి ఉంది. ప్రెషర్ స్విచ్‌కీ ఇంజన్ మొదటి చక్రానికీ మధ్య పన్నెండు అడుగుల దూరం. ఆ పన్నెండు అడుగుల్లో, పట్టాల నడుమ, సింహాచలమ్మ కాళ్ళు చాపుకుని కూర్చుని ఉంది. ఓ గార్డు ఆవిడ మీద అరుస్తున్నాడు. బోగీ కిటికీలోంచి ఓ శాస్త్రవేత్త ఆలస్యం ఎందుకని అడుగుతున్నాడు.

"అమ్మా!" అంటూ లక్ష్మీప్రసాద్ ఆవిడ పక్కన కూలబడ్డాడు.

"అరే, బతికే ఉన్నావా బాబూ?" ఆవిడ అతని తెగిన మణికట్టు చూసి పైట చెంగు చింపింది. "ఆ పిల్లా ఆ దొరా పైకొచ్చినారు. నువ్వు రాలేదు. ఆ దొర నాకేసి సూసి నడుం కాడ సెయ్యి ఎట్టినాడు. ఆ పిల్ల తలకాయ కాడ ఏలు తిప్పి నవ్వింది, పిచ్చిదీ అనీసి. ఒగ్గేసినారు. అప్పుడు ఇనపడింది."

"ఏం వినపడింది?"

"ఠంగు, ఠంగు." ఆవిడ కట్టు కడుతూనే ఉంది. "ఆ దినాల్లో కూడా మూడ్రోజులు ఇనపడింది బాబూ. ఈ గొయ్యి కాడే కూకున్నాను. మేస్త్రీకి సెప్పినాను. రాళ్ళు సద్దుకుంటన్నాయే, పో అన్నాడు. నిజమేనేమో అనుకున్నాను. లెగిసి ఎల్లిపోనాను. నాలుగో దినం ఇనపడలేదు."

లక్ష్మీప్రసాద్‌కి గోడ మీది మూడు గీతలూ కళ్ళముందు కనిపించాయి.

"ఈసారి ఎల్లలేదు," అంది సింహాచలమ్మ. "రైలొచ్చినా లెగలేదు. పిలిస్తే పలకరు గదా ఈ రైలోళ్ళు. దిగితే సెప్పొచ్చని పట్టాల మీద కూకున్నాను."

రైలు ఆగడం చూసి డెల్మార్ కారు వైపు పరిగెత్తాడు. అతన్ని ఆపడానికి పేలిన తుపాకి భాగ్యరేఖది. గుండు అతనికి కాక టైరుకి తగిలింది. మధ్యాహ్నం రెండింటికి ఆ కారు పక్కనే, బాలోద్ రోడ్డు మీద అతను దొరికాడు. భాగ్యరేఖ మాత్రం చేతులెత్తి గార్డుల దగ్గరకి నడిచి వెళ్ళి, "లోపల ఓ మనిషి ఉన్నాడు, ముందు అతన్ని తియ్యండి," అందట.

"టైరుకి గురి చూసిందా, మనిషికి గురి చూసి తప్పిందా?" అని రాయ్‌పూర్‌లో లక్ష్మీప్రసాద్ అడిగాడు.

"తను మొదటినుంచీ మన మనిషినే అంటోంది," అంది హైమవతి. "లాంతరు వాళ్ళేమో తను తమ మనిషే అనుకుంటున్నారు. అడగడం మానేశాం."

"ఆ ఆరుగురి సంగతి?"

హైమవతి కళ్ళజోడు తీసింది. "ఆపరేషన్ సీక్రెట్, ప్రసాద్. టన్నెల్ అరవై మూడులోనే పూడ్చారు. ఫైలు అలాగే ఉంటుంది. వచ్చే వారం నిజంగా కాంక్రీట్ పోస్తారు. అంతకు ముందు ఒక్క పూట అడిగి తీసుకున్నాను. అంతకంటే నా చేతిలో లేదు."

ఆ ఒక్క పూటలో ఆరు సంచులు బయటికొచ్చాయి. వాటి మీద పేర్లు లేవు. దుర్గ్‌లో శివనాథ్ నది ఒడ్డున వాటిని అనాథ శవాల కింద రాశారు. ఏ సంచిలో బలరాం ఉన్నాడో చెప్పగలవాళ్ళు లేరు. సింహాచలమ్మ ఆరింటికీ తనే నిప్పు పెట్టింది. లక్ష్మీప్రసాద్ కట్టు కట్టిన చేతులతో పక్కన నిలబడ్డాడు. చెయ్యడానికి ఇంకేమీ లేదు.

నెల తిరిగాక ఆవిడ నుంచి ఫోన్ వచ్చింది. సర్కారు కాగితం ఏదో వచ్చింది, చదివి పెట్టమంది. అతను క్యాంప్ 1కి వెళ్ళాడు. అది రైల్వే కోర్టు నోటీసు. పట్టాల మీద అక్రమంగా కూర్చుని, స్పెషల్ రైలుని యాభై రెండు నిమిషాలు ఆలస్యం చేసినందుకు సంజాయిషీ చెప్పుకోవాలి.

"నేను మాట్లాడి కొట్టేయిస్తానమ్మా," అన్నాడు లక్ష్మీప్రసాద్, ముఖం ఎర్రబడి.

"ముందు సదువు బాబూ. ఏటి రాసినారో అదే సదువు."

"'సింహాచలమ్మ, భర్త పేరు కీర్తిశేషులు బలరాం, కుసుమ్‌ఘాటీ టన్నెల్ నంబర్ రెండు వద్ద...'"

"ఆగు. మా ఆయన పేరుందా?"

"ఉంది."

"టన్నెలు పేరు?"

"పక్కనే ఉంది."

"స్టాంపు?"

"గుండ్రటి స్టాంపు. సంతకం కూడా."

సింహాచలమ్మ ఆ కాగితం తీసుకుని, అక్షరాల మీద వేలు జరిపింది. తర్వాత దాన్ని మడత పడకుండా చేట మీద పరిచింది.

"పవర్‌హౌస్ బజార్లో పటాలు కట్టేవోడున్నాడు. దీనికి అద్దం ఏయించీ."

"అమ్మా, కోర్టులో ఇది చూపించమంటారు."

"అడిగితే జిరాక్సు ఇద్దుము," అంది సింహాచలమ్మ.